ఆట చూచుట, ఆట యాడుట

1999వ సంవత్సరము జనవరి 31వ తేదీన చెన్నపట్టణపు చేపాక్కు మైదానమున భారత పాకిస్థాను జట్ల నడుమ జరిగిన టెస్టు పోటీ ముగిసిన తీరు మా తరమువారు చాలమంది మరువలేదు. మనవారు గెలుచుటకు 271 పరుగులు కావలసియుండెను. టెండూల్కరు నడుము నొప్పితో బాధపడుచునే 136 పరుగులు చేసి, ఇంక 17 పరుగులు మాత్రమే మిగిలియుండగా అవుటయ్యెను. పిదప ఉన్న మూడు వికెట్లును నాలుగు పరుగుల వ్యవధిలో పడిపోయినవి. 12 పరుగుల తేడాతో ఓడితిమి. మైదానమంతయు కొంతసేపు నోరు మెదపలేదు. తరువాత ఆ జనమెల్ల లేచి నిలువబడి గెలిచినవారికి కరతాళధ్వనులు చేసిరి. పాకిస్థాను ఆటగాండ్రును మైదానము చుట్టు తిరిగి ఆ మర్యాదను స్వీకరించిరి. ఆ జట్టు మన దేశమునకు రాగూడదని కొందరు అంతకు కొన్ని దినములకు ముందే ఢిల్లీ మైదానమున పిచ్‌ను త్రవ్వివేసియుండిరి. ఆ సంగతి జ్ఞప్తికి దెచ్చుకొన్నప్పుడు గాని ఆ చప్పట్ల విలువ తెలియదు.

చెన్నపట్టణమువారిని పొగడి యూరకుండుట న్యాయము గాదు. మరుసటి నెలలోనే కలకత్తా ఈడెన్ గార్డెన్సులో అదే జట్టుతో ఆడుచుండగా టెండూల్కరు రనౌటైన విధము జనులకు నచ్చలేదు. అల్లరి చెలరేగెను. కడపటి దినమున పోలీసులు ప్రేక్షకులనందరిని వెడలగొట్టిన పిదప, ఖాళీ బల్లల యెదుట ఆట పూర్తిచేయవలసి వచ్చినది. అదే మైదానమున 1996వ సంవత్సరము మార్చి 13వ తేదీన ప్రపంచకప్పు సెమీఫైనలు నాడు శ్రీలంకపై మనవారు ఎనిమిది వికెట్లకు 120 పరుగులతో నిలిచినప్పుడు, సీసాలు విసరి, బల్లలకు నిప్పంటించి ఆటనే ఆపివేసిరి. విజయము శ్రీలంకదని ప్రకటింపబడెను. ఆనాడు కాంబ్లీ యేడ్చుచు మైదానము వీడిపోవుట చూచి మనమందరము జాలిపడితిమి. గెలుపునకు తగిన ఆట యాడియు కట్టకడవరకు ఆడు సంతోషమును గోల్పోయిన శ్రీలంకవారిని గూర్చి విచారించినవారు మాకు తెలిసినంతలో అరుదు.

ఇట్టి యల్లరులకు చదువులేమి కారణమని చెప్పుట మనకొక యలవాటు. ఆ మైదానములలో టిక్కెట్టు కొని కూర్చున్నవారందరు నిరక్షరకుక్షులని యెవరు చెప్పగలరు? 2021వ సంవత్సరమున టోక్యో ఒలింపిక్సులో మన మహిళా హాకీ జట్టు సెమీఫైనలులో అర్జెంటీనాతో ఓడిన నాడు, హరిద్వారము చెంతనున్న వందనా కటారియా యింటి ముందు టపాకాయలు కాల్చి, కులము పేరెత్తి దూషించిరి. ఆమె అంతకు కొలది దినముల క్రిందటనే దక్షిణాఫ్రికాపై మూడు గోల్సు చేసి జట్టును నిలబెట్టినది. ఇది పరుల సంగతి యని తెలుగువారము తప్పించుకొనజాలము. 2016వ సంవత్సరమున రియోలో సింధు వెండి పతకము గెలిచినప్పుడు ఆమె కులమేదియని అంతర్జాలములో వెదకినవారిలో తెలుగు నాటివారే మిక్కిలి యుండిరని పత్రికలు వ్రాసినవి. ఓడిన పిల్లను కులముతో తిట్టుటకును, గెలిచిన పిల్లకు కులము వెదకుటకును మాకు పెద్ద భేదము కనబడుట లేదు.

మా యభిప్రాయము వేరు. మన ప్రేక్షకులలో అధికసంఖ్యాకులు ఎన్నడును ఆడినవారు కారు. ఎండలో గంటసేపు పరుగెత్తి, చేతికందిన బంతిని జారవిడిచి, తోడివారి యెదుట తలవంచుకొని, మరునాడు మరల అచ్చటికే పోయినవానికి ఓటమి యనగానేమో దేహమునకే తెలిసియుండును. అట్టివాడు ఎదుటివాని నేర్పును గుర్తింపకుండ ఉండలేడు. ఆడనివానికి ఓటమి ద్రోహముగ దోచును. ఆడినవారిలోను దుర్మార్గులు లేకపోలేదు. ఆటస్థలము సకల రోగములకు మందని మేము చెప్పబోము. కాని యీ యొక్క రోగమునకు దానికన్న మంచి మందు మాకు కనబడలేదు.

2023వ సంవత్సరము నవంబరు 19వ తేదీన అహమ్మదాబాదులో ప్రపంచకప్పు ఫైనలు జరిగిన సాయంకాలము మా యింట పదునైదుగురము టెలివిజను ముందు కూర్చుంటిమి. వరుసగా పది పోటీలు గెలిచిన జట్టు గావున కుఱ్ఱవాండ్రు టపాకాయలు ముందే తెచ్చి వాకిట పెట్టిరి. ఆస్ట్రేలియావాడగు ట్రావిస్ హెడ్డు 137 పరుగులు చేసి మన యాశలు తుంచివేసెను. లక్షమందికి చాలిన ఆ మైదానము ఎట్లు మౌనము వహించెనో మా యిల్లును అట్లే వహించెను. బహుమతి ప్రదానము మొదలు గాకమునుపే మా బావగారు టెలివిజను ఆర్పివేసి, “వీళ్లకు కోట్లు దండగ” అని లేచిపోయిరి. అప్పుడు మా తమ్ముని మనుమడు, పదియేండ్లవాడు, మా చెంతకు వచ్చి, “పెద్ద తాతయ్యా, రోహిత్ కొట్టిన బంతిని ఆయన వెనక్కి పరుగెత్తుతూ ఎట్లా పట్టుకున్నాడు? వెనక్కి చూస్తే బంతి కనపడదు గదా!” అని యడిగెను. అంతమందిలో ఆట చూచినవాడు వాడొక్కడే యని మాకు తోచినది. మరునాటి యుదయమున వాడు మేడమీద టెన్నిసు బంతిని పైకి విసరుచు వెనుకకు పరుగెత్తుచుండగా, పిట్టగోడ దగ్గరపడెనని వాని తల్లి కేకలు వేయుచుండెను.

పిల్లవాడు మేడమీద ఆడనేల? వాని పాఠశాలలో ఆటస్థలము లేదు. ఒకప్పుడు ఉండెనట, ఇప్పుడచ్చట బస్సులు నిలుపుచున్నారు. పాఠశాలకు ఆటస్థలము ఉండితీరవలెనని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. చట్టము పుస్తకములో నున్నది, బస్సులు స్థలములో నున్నవి. వారమునకు రెండు ఆటల పీరియడ్లుండగా ఒకటి గణితమునకు, ఒకటి పరీక్షల వ్రాతకు పోయినవి. తలిదండ్రుల సమావేశమున మేమీ సంగతి యెత్తగా ప్రధానోపాధ్యాయిని నొచ్చుకొనక నిజమే చెప్పినది: “ఆటల పీరియడు ఎందుకు తీసేశారని అడిగింది మీరొక్కరే సార్. ఎందుకు ఉంచారని అడిగినవాళ్లు ఇరవైమంది.” ప్రక్కనున్న యొక తల్లి అందుకొని, “మగపిల్లల మాట ఏమో గాని, మా అమ్మాయి ఎండలో నల్లబడితే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయండీ?” అనెను. సింధు టోక్యోలో కంచు పతకము గెలిచిన దినమున ఆమెయే వీథిలో మిఠాయి పంచినదని పిమ్మట మా యింటివారు చెప్పిరి. సింధు తలిదండ్రులిద్దరును వాలీబాలు ఆడినవారు. తండ్రి 1986వ సంవత్సరపు ఆసియా క్రీడలలో కంచు పతకము తెచ్చిన జట్టులోనివాడు. ఎండకు జడియని యిల్లు అది. ఆ యింటి పతకమునకు మిఠాయి పంచుట సులభము. ఆ యింటివలె మన యింటి పిల్లను మైదానమునకు పంపుట కష్టము.

ఈ సందర్భమున మాకు సయ్యద్ అబ్దుల్ రహీము తలపునకు వచ్చుచున్నాడు. ఆయన హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. పిల్లలకు బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు పెట్టెడివాడట. మన పాఠశాలలలో పిల్లవానికి వచ్చిన లెక్కనే మరల మరల చేయించి మార్కులు పెంచుచుండ, రాని కాలికి పనిచెప్పిన యీ పద్ధతి యెంత విద్యావంతమైనదో చదువరులే ఆలోచింపవలెను. ఆయన శిక్షణలోనే మన ఫుట్‌బాలు జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకములు గెలిచినది. నడుమ 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచినది. 1962లో జకార్తాలో ఫైనలు నాటికి ఆయనకు క్యాన్సరు. ఇజ్రాయేలు, తైవాను జట్లను రానీయనందులకు మన దేశస్థుడగు సోంధీ యభ్యంతరము చెప్పెనని ఆ యూరి జనులు మనపై మండిపడుచుండిరి. దాదాపు లక్షమంది మన ఆటగాండ్రను ఎగతాళి చేయుచు అరచుచుండగా, తలకు కుట్లు పడిన జర్నేల్ సింగు ఒక గోలు, పి.కె. బెనర్జీ ఒక గోలు చేయగా 2–1 తేడాతో దక్షిణ కొరియాను గెలిచితిమి. ఆనాడు మనవారికై కేకలు వేసిన కొద్దిమందిలో పాకిస్థాను హాకీ ఆటగాండ్రుండిరని చెప్పుదురు. వారును ఆడినవారే గదా.

మా పాఠశాల సంగతి యింకను తేలలేదు. బస్సులను పురపాలక సంఘపు ఖాళీ స్థలమునకు మార్చి, ఆ తావును పిల్లలకు, ముఖ్యముగ ఆడపిల్లలకు, సాయంకాలము గంటసేపు విడువవలెనని తొమ్మిదిమంది తలిదండ్రుల చేవ్రాళ్లతో విన్నపము వ్రాసి యిచ్చితిమి. పదవ చేవ్రాలు మా బావగారిది. “మనవాళ్లు మళ్లీ ఓడితే మాత్రం నేను టీవీ కట్టేస్తాను” అని చెప్పియే ఆయన సంతకము చేసిరి. విన్నపము యాజమాన్యము బల్లమీద నున్నది. డ్రిల్లు మాస్టరును మాత్రము ఈ నెల ఫీజుల వసూలు పనినుండి తప్పించిరి.