నాయన నడుము, నా ట్రక్కు

మా నాయన ముప్ఫై రెండేళ్ళు లారీ తోలాడు. బేతంచెర్లలో నాపరాయి ఎత్తుకొని బెంగళూరుకూ హైదరాబాదుకూ చేరవేయడం ఆయన వృత్తి. ఆ వృత్తి వల్ల కూడబెట్టినదంతా మా చదువులకూ అక్క పెళ్ళికీ కరిగిపోగా, చివరికి ఆయన వద్ద మిగిలింది నడుము నొప్పి ఒక్కటే.

కిందటి అక్టోబరులో అమ్మా నాయనా ఫీనిక్స్‌కు, మా ఇంటికి వచ్చారు. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచును ఆయన గతంలోనే చూశాడు. "జాతర మాదిరుందిరా" అని పెదవి విరిచాడు కూడా. ఈసారి టోరోవీప్‌కు తీసుకుపోదామని నా సంకల్పం. అదే లోయకు ఉత్తరపు వైపున, జనం పలుచగా ఉండే చోటు. అంచున నిలబడితే సుమారు 3,000 అడుగుల కింద కొలరాడో నది నిటారుగా కనబడుతుంది. చిక్కల్లా దారితోనే. ఫ్రెడోనియా దాటాక తారురోడ్డు వదిలి 61 మైళ్ళ మట్టిదారి పట్టాలి. పెట్రోలు దొరకదు, నీళ్ళు దొరకవు, ఫోను పలకదు.

నా బండి 2012 నాటి టొయోటా టకోమా. ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు, వెనుక మన లారీలకు ఉన్నట్టే కమాన్ కట్టలు. ఫ్యాక్టరీ నుండి వచ్చిన షాక్‌లు లక్ష మైళ్ళు దాటి అలసిపోయి ఉన్నాయి. కొత్తవి వేయించక తప్పదు. వేయించేటప్పుడు మంచివే, సర్దుబాటు చేసుకునే వీలున్నవే వేయిద్దాం, ఎలాగూ నాయన నడుము కోసమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ చివరి మాటను కాస్త గుర్తుంచుకోండి.

ఈ సరంజామాతో పరిచయం లేని మిత్రుల కోసం ఒక్క మాట. బండి బరువును మోసేది స్ప్రింగు, షాక్ కాదు. స్ప్రింగును దాని మానాన వదిలేస్తే, ఒక గుంత దిగినందుకు పది సార్లు ఊగుతుంది. ఆ ఊపును అణచడమే షాక్ పని. గొట్టం నిండా చమురు, అందులో సన్నని రంధ్రాలున్న ముషలకం. చక్రం ఎగిరినప్పుడల్లా చమురు ఆ రంధ్రాల గుండా ఇరుక్కుంటూ దూరాలి. ఆ ఘర్షణలో కుదుపు కాస్తా వేడిగా మారుతుంది. కుదుపులు ఎడతెగకుండా వస్తే చమురు కాగి నురగ కడుతుంది. నురగకు బలం ఉండదు గనుక షాక్ నీరుగారిపోతుంది. అందుకే మంచి వాటిలో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి నురగను అణచిపెడతారు. ఎడారి పందేల బండ్లకైతే పక్కన మరో డబ్బా తగిలించి అదనపు చమురు పోస్తారు.

సర్దుబాటు అన్న పదం అంగట్లో ఒక్కటే అయినా దాని అర్థాలు వేరువేరు. బిల్‌స్టైన్ వారి 5100 రకంలో ముందు షాక్ గొట్టం మీద గాళ్ళుంటాయి. స్ప్రింగు కింది పళ్ళాన్ని పై గాడికి ఎక్కిస్తే బండి ముందుభాగం ఎత్తు పెరుగుతుంది. సర్దుకునేది ఎత్తే, మెత్తదనం కాదు. రాంచో వారి తొమ్మిది మెట్ల రకంలో గొట్టానికి ఒక మర ఉంటుంది. 1 అత్యంత మెత్తన, 9 అత్యంత బిరుసు. ఫాక్స్, కింగ్ వంటి ఖరీదైన వాటిలో కొన్నింటికి నిదానపు కదలికకు ఒక మర, వేగపు కదలికకు మరొకటి విడిగా ఉంటాయి. ఆ వేగం బండిది కాదు, లోపలి ముషలకానిది. గంటకు ఐదు మైళ్ళతో పోతున్నా చక్రం పదునైన రాతిమీద ధడాలున పడితే అది వేగపు కదలికే. ఈ సంగతి తలకెక్కడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను తొమ్మిది మెట్లవి కొన్నాను. ముందు స్ప్రింగులను నొక్కి తీయడం ప్రాణాంతకమైన పని. బిగువు మీదున్న స్ప్రింగు జారిందంటే ఎముకలు మిగలవు. దానిని వర్క్‌షాపుకు అప్పగించి, వెనుకవి మాత్రం ఇంట్లోనే బిగించడానికి ఉపక్రమించాను. నాయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని గ్యారేజీలో కూర్చున్నాడు. పానా పట్టి కింది బోల్టును బిగిస్తుంటే ఆయన నోరు విప్పాడు.

"బండి జాకీ మీదుంది గదరా. బరువు పడకముందే బిగిస్తే రబ్బరు మెలిక పడతాది. దించినాక బిగించు."

అది నేను చదివిన సూచనల కాగితంలోనూ ఉంది. చదివాను, మరిచాను. ఆయన చదవలేదు, మరవలేదు. వదులు చేసి, బండి దించి, మళ్ళీ బిగించాను.

నాలుగింటినీ 7లో పెట్టాను. ఎందుకని అడిగితే అప్పుడైతే ఏవో కారణాలు చెప్పేవాణ్ణి. మట్టిదారి, బిరుసుగా ఉంటేనే బండి అదుపులో ఉంటుంది, అనుభవజ్ఞులందరూ అదే అంటున్నారు, ఇత్యాది.

అమ్మ మనవరాలిని వదిలి కదలనంది. మేమిద్దరమే బయలుదేరాం. రాత్రి కనాబ్‌లో బస చేసి తెల్లవారుతూనే మట్టిదారి ఎక్కాం. మొదటి పది మైళ్ళు ఫరవాలేదు. ఆ తర్వాత మొదలయ్యాయి అలలు. సిమెంటు రేకును నేలమీద మైళ్ళ పొడవునా పరిచినట్టు ఊహించుకోండి. ఈ అలలు ఎలా పుడతాయో తేల్చడానికి 2007లో టబెర్లే, మోరిస్, మెకెల్వెయిన్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు గుండ్రంగా తిరిగే ఇసుక బల్ల మీద చక్రాన్ని దొర్లించి చూశారు. ఒక వేగం దాటితే చాలు, స్ప్రింగు లేని మామూలు చక్రం కింద కూడా అలలు లేచాయట. అంటే తప్పు మన స్ప్రింగులది కాదు, మన తొందరది. ఆ వేగానికి లోబడి పోతే రోడ్డు చదునుగానే ఉంటుంది కానీ, అంత నిదానంగా ఎవరు పోతారు?

నాయన ఏమీ అనలేదు. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి నడుము వెనుక దోపుకున్నాడు. కాసేపటికి తలుపు మీది పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. నేను స్టీరింగుతో కుస్తీ పడుతూ, కొత్త షాక్‌లు ఎంత బాగున్నాయో ఆయనకు వివరిస్తూనే ఉన్నాను. ఇరవై అయిదో మైలు దగ్గర "ఆపు" అన్నాడు.

దిగి, రెండు చేతులూ బానెట్‌కు ఆన్చి చాలాసేపు వంగి నిలబడ్డాడు. ముఖం నా వైపు తిప్పలేదు. తర్వాత నెమ్మదిగా వెనుక చక్రం దగ్గర కూర్చొని షాక్ గొట్టాన్ని వేలితో తాకి వెంటనే తీసేశాడు.

"కాలిపోతాంది. ఎంతలో పెట్నావు?"

"ఏడు."

"ఇదేమన్నా రాయెత్తిన బండా? ఖాళీ బండి. ఖాళీ లారీని మించి నడుము ఇరగ్గొట్టేది లోకంలో లేదు. చక్రం ఇంకా కిందికి దిగకముందే రెండో దెబ్బ తగులుతాంది, తెలుస్తల్యా?"

తెలిసిన వాళ్ళు ఇదే విషయాన్ని పేజీల కొద్దీ రాస్తారు. షాక్ మరీ బిరుసైతే, ముడుచుకున్న చక్రం తిరిగి సాగేలోగా తర్వాతి అల వచ్చిపడుతుంది. ప్రతి అలకూ కాస్త కాస్త లోపలికి కుంగి, చివరకు స్ప్రింగు ఉన్నా లేనట్టే అవుతుంది. నేను అవన్నీ చదివాను. చదివి కూడా 7లోనే పెట్టాను.

వెనుకవి 3కు, ముందువి 4కు తిప్పాను. నాయన చెప్పగా టైర్లలో గాలి 35 నుండి 26కు తగ్గించాను. ఇంకా తగ్గించమన్నాడు కానీ, మున్ముందు కోసుకుపోయే రాళ్ళున్నాయని ఒప్పుకోలేదు. ఆ విషయంలో నా మాట నెగ్గింది. బండి కదిలాక తేడా నాకు చేతుల్లో తెలిసింది. అలలు అలాగే ఉన్నాయి కానీ దెబ్బ పదును తగ్గింది. నాయన పిడి వదిలేసి తువ్వాలును మాత్రం ఉంచుకున్నాడు.

అప్పటికి గాని నాకు నిజం ఒప్పుకోబుద్ధి కాలేదు. ఈ షాక్‌లు నేను ఆయన కోసం కొనలేదు. ఏళ్ళ తరబడి నాకు కావాలనిపించిన వస్తువుకు ఆయన నడుము సాకుగా దొరికింది. నిజంగా ఆయన కోసమే అయితే, గ్యారేజీలో ఒక్కసారి పక్క సీట్లో కూర్చోబెట్టి వీధి చివరి వరకూ తిప్పి, ఎలా ఉందని అడిగి ఉండేవాణ్ణి. మర తిప్పడానికి అర నిమిషం పట్టదు.

రేంజరు స్టేషను దాటాక, అంచుకు ఇంకా కొద్ది మైళ్ళుండగా దారి బండరాళ్ళ మెట్లుగా మారింది. అక్కడ ఏ మరా పనిచేయదు, బండి అటూ ఇటూ ఒరుగుతుంది, నడుము దాంతో పాటు మెలిపడుతుంది. ఆపేశాను. "నువ్ బోయి చూసిరా, నేనీడ కూచుంటా" అన్నాడు నాయన. నేను పోలేదు. జూనిపర్ చెట్టు నీడన అమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. దూరాన వల్కన్స్ థ్రోన్ అనే పాత అగ్నిపర్వతపు దిబ్బ నల్లగా కనబడింది. అదెప్పుడు పేలిందని అడిగాడు. చాలా వేల ఏళ్ళయిందన్నాను. "అయితే భయం ల్యా" అని చెయ్యి కడుక్కున్నాడు.

తిరుగు ప్రయాణంలో ప్రతి పది మైళ్ళకూ బండి నిదానించి "నడుమెట్లుంది నాయనా?" అని అడిగాను. నాలుగోసారికి ఆయనకు విసుగొచ్చింది.

"నా నడుము నేను సూసుకుంటా గానీ, నువ్వు రోడ్డు సూసి తోలు."