ఎందుకు అనే గడి

2019 ఏప్రిల్. నూజివీడు తోటల్లో బంగినపల్లి కోతలు మొదలైన రోజులు. మా అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, వాడి కూలి డబ్బులు ఇంటికి రావడం లేదురా, ఒకసారి కనుక్కో" అంది. వాడంటే నా మేనల్లుడు. ఇంటర్ మధ్యలో మానేసి ఆగిరిపల్లి వైపు ఒక తోటలో ఉంటున్నాడు. పగలు చిక్కంతో కాయ కోయడం, రాత్రి పాకలో కాపలా.

ఆదివారం వెళ్ళాను. పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఫోన్లో పదకొండు మంది ఆటగాళ్ళను ఏరుకుంటున్నాడు. వంద క్రెడిట్లలో జట్టు కట్టాలి. కెప్టెన్‌గా పెట్టినవాడి పాయింట్లు రెండింతలు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. యాభై రూపాయలు కడితే లక్షలమందితో పోటీ. "ఇది జూదం కాదు మావయ్యా, తెలివితో ఆడేది" అన్నాడు. నిజమే, 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు కూడా ఇలాంటి ఆటను నైపుణ్యంతో ఆడేదిగానే చెప్పింది. ఆంధ్రాలో అప్పటికి నిషేధమూ లేదు.

తిట్టి వచ్చేద్దామనే వెళ్ళాను. కానీ వాడి మాట నన్ను పట్టుకుంది. తెలివి అయితే కొలవొచ్చు కదా. అంగలూరు డైట్‌లో మాకు లోప నిర్ధారణ అని ఒక పాఠం ఉండేది. పిల్లవాడికి పదికి మూడు వచ్చాయని రాసి వదిలేస్తే అది మార్కు మాత్రమే. ఆ ఏడు ఎక్కడ తప్పాడో వెతకడం ఉపాధ్యాయుడి పని. ఆ పాఠమే గుర్తొచ్చి, "ఎంత గెలిచావురా?" అని అడిగాను. "మొన్న ఒక్క రాత్రే పదిహేను వందలు" అన్నాడు. "ఎంత కట్టావు?" అంటే మాట్లాడలేదు.

మా నాన్నా ఇలాంటి తోటలోనే కాపలా ఉండేవాడు. మా యానాది కుటుంబాలు చాలా ఆ పనిలోనే బతికాయి. సీజను మొదట అడ్వాన్సు తీసుకునేవాడు. చివర గుత్తదారు పుస్తకం తెరిచి, ఇంకా నువ్వే బాకీ అనేవాడు. నాన్నకు చదువు రాదు. ఆ పుస్తకంలో ఏముందో మాకెవరికీ తెలియదు. మేనల్లుడు చదువుకున్నవాడే, అయినా వాడి లెక్కా ఇంకొకరి దగ్గరే ఉంది. ఫోన్ తెర గెలిచిన రోజున పూలు చల్లుతుంది. మొత్తం ఎంత పోయిందో అడిగితే తప్ప చెప్పదు.

మరుసటి ఆదివారం ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకెళ్ళాను. ఫోన్లో పాత మ్యాచ్‌లు వెనక్కి జరుపుతూ వాడు చదివాడు, నేను రాశాను. తేదీ, మ్యాచ్, కట్టినది, ఎంతమంది ఉన్న పోటీ, కెప్టెన్ ఎవరు, వచ్చిన పాయింట్లు, చేతికొచ్చినది. చివర ఇంకో గడి గీశాను: ఈ కెప్టెన్‌ను ఎందుకు ఎంచుకున్నావు? పాత మ్యాచ్‌లకు ఆ గడి నింపలేకపోయాం. నింపబోతే వాడు ఫలితం చూసి కారణం అల్లుతున్నాడు. అందుకని ఇకమీదట మ్యాచ్ మొదలవకముందే రాయాలని పెట్టుకున్నాం. రాశాడు కూడా. ఆ విషయంలో వాడిని మెచ్చుకోవాలి.

మే 12న హైదరాబాద్‌లో ఫైనల్ అయింది, ముంబయి ఒక్క పరుగుతో గెలిచింది. ఆ వారమే కూర్చుని కూడాం. ఆడింది 38 రోజులు. కట్టినది 6,240, వచ్చింది 4,105. పోయింది 2,135 రూపాయలు. కూలివాడికి అది చిన్న మొత్తం కాదు.

అక్కడితో ఆగితే అది మళ్ళీ మార్కు వేసినట్టే. విడదీశాం. నలుగురైదుగురు ఆడే చిన్న పోటీల్లో 2,300 కట్టి 2,050 తెచ్చుకున్నాడు. లక్షలమంది పోటీల్లో 3,940 కట్టాడు, వచ్చింది 2,055. అందులో 1,500 ఆ ఒక్క రాత్రిదే. ఇంకొకటి వాడే పట్టుకున్నాడు. సాయంత్రం నాలుగు గంటల మ్యాచ్‌లో పోయిన రోజున, రాత్రి ఎనిమిది గంటల మ్యాచ్‌కు కట్టింది దాదాపు రెట్టింపు. ఆ రోజుల్లో ఎందుకు అనే గడి ఖాళీ. ఒకచోట మాత్రం "పోయింది రావాలి" అని ఉంది.

కెప్టెన్ల గడి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వాడికి కలిసొచ్చిన రోజుల్లో సగానికి పైగా కెప్టెన్ డేవిడ్ వార్నర్. ఆ ఏడు వార్నర్ 12 మ్యాచ్‌ల్లో 692 పరుగులు చేశాడు. మార్చి 31న బెంగళూరు మీద ఒకే ఇన్నింగ్స్‌లో బెయిర్‌స్టో, వార్నర్ ఇద్దరూ సెంచరీలు కొట్టారు. సీజను ముగియకముందే ప్రపంచ కప్పు కోసం వార్నర్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మావాడి పాయింట్లు పడిపోయాయి. మరి నెలరోజులు మనం తెలివి అనుకున్నది ఎవరి బ్యాటు? ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు నాలుగు కాయలతో సరిపెడుతుంది. ఒక్క కాపు చూసి చెట్టుకు ధర కట్టరని వాడికి నాకన్నా బాగా తెలుసు.

"అయితే మావయ్యా, చిన్న పోటీలే ఆడితే?" అన్నాడు. దానికీ లెక్క వేశాం. ఇద్దరు చెరో యాభై కడితే వంద. నిర్వాహకుడు పది ఉంచుకుని గెలిచినవాడికి తొంభై ఇస్తాడనుకుందాం. వందసార్లు ఆడితే కట్టేది ఐదు వేలు. యాభైసార్లు గెలిచినా వచ్చేది నాలుగున్నర వేలే. కట్టింది తిరిగి రావాలంటేనే యాభై ఆరుసార్లు గెలవాలి. అవతలివాడు కూడా వార్తలు చదివేవాడే, పిచ్ చూసేవాడే. మావాడు చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు.

నిజం చెప్పాలంటే నాకూ బెరుకుగానే ఉండింది. మాన్పించాల్సినవాడికి బాగా ఆడటం నేర్పుతున్నానా అని. అక్క ఆ మాట మొహం మీదే అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రమే వాడు నన్నొక మాట అడిగాడు. "నేను మీ బడిలోనే చదివాను కదా మావయ్యా. నా లెక్కల మార్కుల పక్కన ఇలా ఎందుకు అని ఎప్పుడైనా రాశారా?"

సోమవారం పాత రిజిస్టర్లు తీశాను. వాడి పేరు ఎదురుగా 25కి 9, 8, 9. ఎర్ర సిరాతో గీత. అంతే. మూడేళ్ళు ఆ అంకెలు నేనే వేశాను. తీసివేతలో పక్క స్థానం నుంచి తెచ్చుకోవడం దగ్గర తప్పాడో, పనికి వెళ్ళి బడి మానిన వారాల్లో భిన్నాలు పోయాయో, ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. గుత్తదారు పుస్తకానికీ నా రిజిస్టరుకూ తేడా ఏమిటో ఆ రోజు నాకు తోచలేదు. అప్పటినుంచి ప్రతి పరీక్షకూ ఒక గడి ఎక్కువ గీస్తున్నాను. పని పెరిగింది. అన్ని గడులూ నింపుతున్నానని అబద్ధం చెప్పను.

మేనల్లుడు ప్రపంచ కప్పుకు చిన్న పోటీలు ఆడాడు, కొద్దిగా పోగొట్టుకున్నాడు, అదీ రాశాడు. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అప్పటికి వాడు ఆ ఆటను మరిచిపోయాడు.

నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు మాత్రం వాడుకుంటున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న తోట పూత మీద తీసుకున్నాడు. పూత వచ్చిన తేదీ, తేనెమంచుకు కొట్టిన మందు, నున్న మార్కెట్‌లో పలికిన ధర. చివరి గడి అలాగే ఉంది. కిందటిసారి వెళ్ళినప్పుడు చూశాను. "ఈ ధరకు తోట తీసుకున్నాం. ఎందుకు: పోయినేడు కాపు తక్కువ, చెట్టు విశ్రాంతి తీసుకుంది. చూడాలి" అని రాసి ఉంది.