కడసీల

నేనుంటున్న మిన్నెసోటా రాష్ట్రంలో కార్ల నంబరు పలకల మీద "పదివేల సరస్సులు" అని రాసి ఉంటుంది. గోదావరి ఒడ్డున పెరిగినవాడికి అన్ని నీళ్ళను చూస్తూ గట్టు మీదే కూర్చోవడం కష్టం. అందుకని ఆరేళ్ళ క్రితం ఒక పాత అల్యూమినియం పడవనూ, దాని వెనుక తగిలించుకునే చిన్న మోటారునూ కొన్నాను. (ఇటువంటి మోటార్లను జనంలోకి తెచ్చిన ఓలె ఎవిన్‌రూడ్ మా పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోనే, 1909లో వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన పేరు మోసిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.)

పాత యజమాని ప్రొపెల్లర్ ఊడిపోకుండా స్ప్లిట్ పిన్నుకు బదులు ఇనుప మేకు దోపి, రెండు వైపులా వంచేశాడు. తుప్పు పట్టి ఆ మేకు ఇరుసులో ఐక్యమైపోయింది. దాన్ని తీయడానికి రెండు సాయంత్రాలూ, ఒక సీసాడు నూనె, కొన్ని తిట్లూ ఖర్చయ్యాయి. షెడ్డులో కాబట్టి సరిపోయింది.

ఇంతకీ నీటి నడుమ ప్రొపెల్లర్ ఊడదీయవలసిన అవసరం ఏమిటంటారా? చిన్న మోటార్లలో చాలావాటికి ఇరుసుకు అడ్డంగా మెత్తని లోహపు సీల ఒకటి ఉంటుంది. షియర్ పిన్ను అంటారు. దాని వల్లనే ప్రొపెల్లర్ ఇరుసుతో కలిసి తిరుగుతుంది. రెక్క రాతికో మొద్దుకో తగిలినప్పుడు ఆ సీల తాను తెగిపోయి లోపలి పళ్ళచక్రాలను కాపాడుతుంది. తెగడమే దాని ఉద్యోగం. మాటిమాటికీ తెగుతోందని విసుగెత్తి గట్టి ఉక్కు ముక్క పెట్టేవారున్నారు. పది నిమిషాల పనికి బద్ధకించి గేరుపెట్టెను బలిపెట్టడమన్నమాట. ప్రొపెల్లర్ వెనుక టోపీలాంటి మూత, ఆ మూత జారకుండా స్ప్లిట్ పిన్ను. అంతే సరంజామా.

బిగించేటప్పుడైనా విప్పేటప్పుడైనా నేను మొదట ప్లగ్గు తీగ పీకేస్తాను. గేరులో ఉండగా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే ఇంజను రగులుకునే ప్రమాదం ఉంది. దేవుడు ఇచ్చినవి పది వేళ్ళే. రెక్కకూ పైనున్న పలకకూ నడుమ చెక్కముక్క ఇరికిస్తే రెక్క కదలదు. ఇరుసంతటికీ నీటికి కొట్టుకుపోని గ్రీజు పలచగా పూయాలి. స్ప్లిట్ పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలుదే, అదీ ప్రతిసారీ కొత్తదే వాడతాను. ఒకసారి వంచి చాచిన కాళ్ళు రెండోసారి విరుగుతాయి. చాలామంది ఆ కాళ్ళను మీసం మెలేసినట్టు చుట్టేస్తారు. అంత అక్కర్లేదు. రంధ్రంలోంచి జారనంతగా విడదీసి, కొసలను మూతకు ఆనించి వదిలేస్తే చాలు, తడిచేతులతో కూడా ప్లయర్‌తో రెండు పట్లలో వచ్చేస్తుంది. దీని బదులు స్ప్రింగు క్లిప్పు వాడమని సలహా ఇచ్చేవారున్నారు. చేత్తో వచ్చేది నాచుతీగ లాగినా వస్తుందేమోనని నా అనుమానం. నేను వాడను.

ఒక పాత ఫిల్ము డబ్బాలో రెండు షియర్ పిన్నులు, నాలుగు స్ప్లిట్ పిన్నులు ఎప్పుడూ పడవలోనే ఉంటాయి. ప్లయర్‌కు మూరెడు తాడు, ఆ తాడు రెండో కొస నా మణికట్టుకు.

రెండేళ్ళ క్రితం మే నెలలో మా మామగారు రాజమండ్రి నుంచి వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఈత రాదు. సరస్సు మీద మంచు కరిగి మూడు వారాలు కాలేదు. ఆ నీటిలో పడితే లైఫ్ జాకెట్ తేల్చగలదే గానీ చలి నుంచి కాపాడలేదు. నడిమధ్యలో మునిగి ఉన్న మొద్దు తగిలింది. మోటారు ఒక్కసారి గొంతు పెంచింది, పడవ నిలిచిపోయింది. గాలి మమ్మల్ని ఇల్లూ వాకిలీ లేని అవతలి గట్టు వైపు నెడుతోంది.

"ఏం బాబూ, మోటారు అరుస్తోంది గానీ పడవ కదలదేం?"

"సీల తెగింది మామయ్యగారూ. మీరు ముందు బల్ల మీదే కూర్చోండి, లేవకండి."

ఇద్దరమూ వెనక్కి చేరితే వెనుక అంచు మునుగుతుంది. మోటారును పైకెత్తి, ప్లగ్గు తీగ పీకి, మోకాళ్ళ మీద వంగాను. వేళ్ళు కొంకర్లు పోతున్నా పిన్ను వచ్చింది, మూత వచ్చింది, తెగిన ముక్కలు వచ్చాయి. ఆయన కూర్చున్నచోటి నుంచే మెడ సాచి చూస్తూ అన్నారు: "ఇది మన బండి కడసీలే కదా బాబూ! ఇరుసుకు కందెన పెట్టాలంటే చక్రం లాగాలి, చక్రం లాగాలంటే కడసీల రావాలి. మొండికేసే కడసీలను మా నాన్న బండికి ఉండనిచ్చేవాడు కాదు."

ఆయన బండి సంగతులు పూర్తయ్యేలోగా మోటారు మళ్ళీ అందుకుంది. ఒడ్డుకు చేరాక గానీ ఆయన చేతులు బల్ల అంచును వదల్లేదని గమనించలేదు నేను.

నాచును పడవతోపాటు మోసుకుపోవడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం కనుక, రెక్కల చుట్టూ ఉన్నది ప్రతిసారీ ఒడ్డునే తీసేస్తాం. ప్రొపెల్లర్ వెనుక దాగే చేపల గాలపు దారం అలా కనిపించదు. అది ఇరుసు చుట్టూ బిగిసి సీలును కోస్తుంది, గేరుపెట్టెలోకి నీరు దిగుతుంది, నూనె పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది. శీతకాలంలో ఆ నీరు గడ్డకట్టి పెట్టెనే పగలగొట్టవచ్చు. కాబట్టి ఏటా అక్టోబరులో ప్రొపెల్లర్ ఊడదీసి చూస్తాను. పోయినసారి బారెడు దారం దొరికింది. నూనె శుభ్రంగానే ఉంది. దారం కోసి పారేసి, గ్రీజు పూసి, కొత్త పిన్ను దోపి, కాళ్ళు కొంచెమే వంచాను.