మూడు నిమిషాలు ఆగు బిడ్డా!

బసంత్‌నగర్ దాటి రెండు కిలోమీటర్లు కూడా రాలేదు. బండి ఒక్కసారిగా ఎవరో వెనక నుంచి తోసినట్టు ముందుకు ఉరికింది. కుర్రాడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. ఇంజన్ చప్పుడు తగ్గలేదు, ఇంకా పెరిగింది. క్లచ్ తొక్కి, ఎలాగోలా బండిని రోడ్డు పక్కకు లాగి తాళం ఆఫ్ చేశాడు. ఇంజన్ ఆగలేదు! వెనకాల తెల్లటి పొగ. రాజీవ్ రహదారి మీద వచ్చే లారీలు కనిపించనంత పొగ.

తండ్రి పక్క సీట్లోనే ఉన్నాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. కానీ కాళ్ల కింద నేల అదురుతున్న తీరు చూసి విషయం అర్థమైపోయింది.

"నాలుగో గేరెయ్! బ్రేకు గట్టిగ తొక్కు! క్లచ్ ఇడువు!"

కుర్రాడు చెప్పినట్టే చేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, గొంతు పట్టి నొక్కినట్టు ఆగిపోయింది. వెనక సీట్లో కూర్చున్న తల్లి చేతిలోని రిపోర్టుల ఫైలు జారి కింద పడింది. కరీంనగర్‌లో చెవుల డాక్టరుకు చూపించుకుని గోదావరిఖనికి తిరిగొస్తున్నారు వాళ్లు.

పెట్రోలు ఇంజన్‌కు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజన్‌కు అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె మండుతుంది. అది డీజిలా, ఇంజన్ ఆయిలా అన్న తేడా దానికి లేదు. టర్బో సీలు తెగి ఇంజన్ ఆయిల్ గాలి గొట్టంలోకి పోతే, ఇంజన్ తన నెత్తురు తానే తాగుతూ పరుగెడుతుంది. తాళం తిప్పితే ఆగేది డీజిల్ ఒక్కటే. అలాంటప్పుడు గేరులో వేసి గొంతు నొక్కాలి, లేదంటే గాలి పోయే దారిని చెక్కతో మూసేయాలి. పొరపాటున కూడా చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఈ సంగతి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న కొడుక్కి తెలియదు. సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపిన తండ్రికి తెలుసు.

టర్బో ఏమీ నిన్నమొన్నటి వస్తువు కాదు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ అనే ఇంజినీరు 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. బయటకు పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పడం, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలి కూరడం... అంతే దాని కిటుకు. అమెరికాలో 1962లోనే కార్లకు బిగించి అమ్మారు. మన దగ్గర మాత్రం చాలా ఏళ్లు టర్బో అంటే పెద్ద బండ్ల మాటే. బొగ్గుబాయిల మీద బతికేవాళ్లకు అది ఇంకా దగ్గరి మాట. వంద టన్నుల మట్టి మోసే డంపర్‌కు దాదాపు వెయ్యి హార్స్‌పవర్ ఇంజన్ ఉంటుంది. టర్బో లేకపోతే క్వారీ అడుగు నుంచి పైకి ఎక్కనే ఎక్కదు.

ఆ ఇంటి బండి టాటా సుమో. 2008లో కొన్న విక్టా, టర్బో ఉన్న రకం. సుమో అనగానే జపాను మల్లయోధులు గుర్తొస్తారు గానీ, అది టాటా కంపెనీని నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని ముక్క. 1994లో వచ్చి, 2019లో తయారీ ఆగిపోయిన బండి. తెలంగాణలో దాన్ని ఎక్కకుండా పెళ్లికి పోయినవాళ్లు తక్కువే. దాని ఇంజన్ పేరు 483. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 83 మిల్లీమీటర్ల వెడల్పు. లెక్క అంత సూటిగా ఉంటుంది.

మర్నాడు బండిని తాడు కట్టి గ్యారేజీకి లాక్కెళ్లారు. మేస్త్రి ఆయిల్ మూత తీసి, ఉబికొచ్చిన పొగ చూసి, ఒక్క ముక్కలో తేల్చేశాడు. "బోరుకొచ్చింది. ఫుల్ ఇంజన్ కట్టాలె. డెబ్బై వేలు దాటుతది. నన్నడిగితే తుక్కుకిచ్చుడు నయం."

అది 2023 ఏప్రిల్ నెల. ఆ ఏడాదితో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలంటే బండిని తనిఖీకి నిలబెట్టాలి. అంతకుముందు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. నడవని బండికి అదొక దండగ. తుక్కు కొనేవాడు రెండుసార్లు ఇంటి చుట్టూ తిరిగిపోయాడు కూడా.

"నేను కడతా" అన్నాడు కొడుకు.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అప్పటికి తండ్రీ కొడుకుల మధ్య నాలుగు నెలలుగా సరిగా మాటల్లేవు. బండి సంగతి తర్వాత... ముందు అసలు సంగతి ఇది. సింగరేణిలో ఒకప్పుడు ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలు 2018 నుంచి కారుణ్య నియామకాల పేరుతో మళ్లీ మొదలయ్యాయి. పని చేయలేని స్థితిలో ఉన్నాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ కార్మికుడి బిడ్డకు ఉద్యోగం వస్తుంది. గోదావరిఖనిలో 'అన్‌ఫిట్' అన్న మాట ఇంట్లో ఉప్పూపప్పులా వినపడుతుంది. తన చెవులు ఎలాగూ పోతున్నాయి కదా, దరఖాస్తు పెట్టుకుంటానన్నాడు తండ్రి. బోర్డు ఏమంటుందో ఎవరికీ తెలియదు. కొడుకు మాత్రం ఒక్కసారిగా లేచాడు.

"నా నౌకరి కోసం నువ్వు పనికిరానోడివని రాయించుకుంటవా బాపూ?"

తండ్రి జవాబు చెప్పలేదు. వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో!

కుర్రాడి దగ్గరున్నవి 17 వేలు. పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్లు, ముహూర్తాల సీజన్లో ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పని. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని రాత్రంతా వడ్డిస్తే వచ్చే డబ్బుతో చదువుకునే పిల్లలు ఈ ఊళ్లలో ఎందరో. పుణె వెళ్లి బండ్ల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరడానికి దాచుకున్న సొమ్ము అది. మిగతా 8 వేలు తల్లి చీటీ ఎత్తి ఇచ్చింది. ఆయనకు చెప్పొద్దంది. ఆయనకు తెలియకుండా ఆ ఇంట్లో చీటీ ఎత్తడం ఎప్పుడూ జరగలేదని ఇద్దరికీ తెలుసు.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. కంపెనీ క్వార్టర్ ముందు మూడు ఇనుప పైపులు నిలబెట్టి పైన కట్టి, కిరాయికి తెచ్చిన చైన్ పుల్లీతో ఇంజన్‌ను పైకి లేపారు. రామగుండంలో మే నెల ఎండ గురించి చెప్పేదేముంది! పదకొండింటికి పానా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే పొద్దున అయిదింటికి, మళ్లీ సాయంత్రం ఆరింటికి. విప్పిన ప్రతి బోల్టూ ఒక ఐస్‌క్రీం డబ్బాలోకి, డబ్బా మీద పేరు. ప్రతి గొట్టానికీ విప్పే ముందు సెల్‌ఫోన్లో ఫొటో. కాలేజీ ల్యాబుల్లో నిలువునా కోసి, ఎరుపూ నీలం రంగులేసి పెట్టిన ఇంజన్లుంటాయి. ఆ ఇంజన్లకు మసి ఉండదు, వాసన ఉండదు, తుప్పు పట్టి రాని బోల్టు ఒక్కటీ ఉండదు. చదువుకు వాటినే చూపించడం ఎంతవరకు సబబో పెద్దలు ఆలోచించాలి.

హెడ్ దింపాక తెలిసింది, మేస్త్రి భయపెట్టినంత లేదని. లేత్ షాపులో బోరు కొలిపించాడు. అరుగుదల ఉంది, కానీ బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేసేంత లేదు. గోడలు గరుకు తీయించి కొత్త రింగులు వేస్తే నడుస్తుంది. క్రాంకు మీద గీతలు లేవు. బేరింగ్ షెల్స్ మారిస్తే చాలు. రింగులు, షెల్స్, గాస్కెట్ సెట్టు కలిపి 9 వేలు. హెడ్ చదును చేయించడం, మిగతా లేత్ పనికి 4 వేలు. వాల్వులు మాత్రం తనే పేస్టు పూసి, రెండు అరచేతుల మధ్య కర్రను కవ్వంలా తిప్పుతూ నాలుగు సాయంత్రాలు రుద్దాడు. తల్లి గడపలో కూర్చుని అది చూసి, మజ్జిగ చిలికినట్టుందని నవ్వింది.

తండ్రి దగ్గరికి రాలేదు. ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీంచి చూసేవాడు.

ఇక మిగిలింది టర్బో. కొత్తది కొనే మాటే లేదు. లోపలి ఇరుసు, చక్రాలు ఉన్న కోర్ ఒక్కటే మారిస్తే 8 వేలు. పాత సామాన్ల దుకాణంలో ఇంకో బండిది మూడు వేలకే ఉందని తెచ్చాడు. చూసి నచ్చితే ఉంచుకో, లేకుంటే తిరిగివ్వమన్నాడు కొట్టువాడు. ఆ రోజే తండ్రి మంచం దిగి వచ్చాడు. చక్రం కొసను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. పక్కలకు కదిపాడు. కొంచెం ఆడింది. ముందుకూ వెనక్కూ లాగాడు. టక్‌మని చప్పుడైంది.

"పక్కకు జర ఆడొచ్చు. నూనె పోతె సర్దుకుంటది. ముందుకెనక్కి ఆడొద్దు. ఇది సచ్చింది. వాపస్ ఇచ్చేయ్."

నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రం అది. దాని ఇరుసు సన్నటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ నూనె ఒక్క క్షణం అందకపోతే అంతే సంగతులు. కుర్రాడు మర్నాడే కొత్త కోర్ తెచ్చి బిగించబోయాడు. తండ్రి ఆపాడు. టర్బోకు నూనె తెచ్చే సన్నటి గొట్టాన్ని ఊడదీసి నోటితో ఊదాడు. గాలి పోలేదు. దాన్ని సిమెంటు గచ్చు మీద కొట్టాడు. నల్లటి పలుకులు రాలాయి.

అరచేతిలోకి తీసుకుని కొడుక్కి చూపించాడు. "గిది బొగ్గేరా."

బొగ్గే. ఇంజన్ ఆయిల్ మాడి, మాడి, గట్టిపడి అయిన బొగ్గు. బండి హైవే మీద గంటసేపు ఉరికి వస్తుంది. టర్బో ఎర్రగా కాగి ఉంటుంది. వచ్చీ రాగానే తాళం ఆఫ్ చేస్తే నూనె ప్రవాహం ఆగిపోతుంది. కదలకుండా నిలిచిన నూనె ఆ వేడికి అక్కడే మాడుతుంది. అందుకే డంపర్లను షిఫ్టు చివర కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపుతారు. ఇంటి బండినీ తండ్రి అలాగే ఆపేవాడు. ఇంటి ముందుకొచ్చాక మూడు నిమిషాలు. అందరూ దిగిపోయినా ఆయన ఒక్కడే స్టీరింగు ముందు కూర్చునేవాడు. డీజిల్ దండగ అని నవ్వింది కొడుకే. చెవులు తగ్గాయని రెండేళ్లుగా బండి తీసుకుని నడిపిందీ కొడుకే. వచ్చీ రాగానే తాళం లాగి, ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయిందీ వాడే.

ఇంకొకటి కూడా ఉంది. బండి చెడడానికి నెల ముందు నుంచే టర్బోలో సన్నటి ఈల మొదలైంది. తండ్రికి అది వినపడదు. కొడుక్కి వినపడింది. వినపడటమే కాదు, బాగుందనిపించింది. రేసుకారులా ఉందని స్నేహితులకు వినిపించాడు కూడా.

ఆ బొగ్గు పలుకులు చూశాక కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి కూడా ఒక్క మాట అనలేదు. "కొత్త పైపు తే. పాతది కడిగినా నమ్మొద్దు" అని మాత్రం చెప్పి, చెయ్యి దులుపుకుని పోయాడు. పైపు ఖరీదు కొన్ని వందలు. దాన్ని పాతదే ఉంచి ఉంటే 8 వేల కోర్ మళ్లీ మాడిపోయేది.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ కూర్చున్నారు. రింగుల మూతులు ఒకే వరుసలో రాకుండా తిప్పి పెట్టడం, హెడ్ బోల్టులు నడిమి నుంచి చివరలకు విడతలు విడతలుగా బిగించడం పుస్తకంలో చూసి కొడుకు చెప్పాడు. తండ్రికి ఆ లెక్కలు తెలియవు. కొడుకు గట్టిగా చెప్పాల్సి వచ్చేది. ఆయన సరిగా వినడానికి ముఖం దగ్గరికి తెచ్చేవాడు. నాలుగు నెలల తర్వాత వాళ్లు అంత దగ్గరగా కూర్చోవడం అదే.

జూన్ మొదటి వారంలో ఇంజన్ బండిలోకి దిగింది. టర్బో నోట్లో చెంచాడు నూనె పోసి, పైపు బిగించారు. పంపుకు డీజిల్ అందకుండా సాలినాయిడ్ వైరు తీసేసి, నూనె దీపం ఆరేదాకా విడతలుగా సెల్ఫ్ కొట్టారు. ఆ తర్వాతే వైరు తగిలించారు. తండ్రి ఒక చెక్కపలక పట్టుకుని గాలి గొట్టం దగ్గర నిలబడ్డాడు. మళ్లీ ఎత్తుకుంటే మూసేయడానికి.

రెండోసారికి అందుకుంది. మొదట నీలంపొగ, తర్వాత పలచబడింది. కుర్రాడు తండ్రి ముఖం వైపు చూశాడు. ఆయన చెక్క కింద పెట్టి, అరచెయ్యి వాల్వ్ కవర్ మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. నలుగురు పక్క క్వార్టర్ల వాళ్లు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"నాలుగూ సమంగ కొడుతున్నయ్" అన్నాడు కళ్లు తెరిచి.

లెక్క చూస్తే అంతా కలిపి 25 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు వేరే. దానికి కుర్రాడు మళ్లీ తెల్లచొక్కా వేసుకుని ఆ నెల నాలుగు పెళ్లిళ్లకు పోయాడు. తనిఖీలో బండి నిలబడింది. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి వెలుతురుకు పట్టి చూశాడు. ఇనుపరజను మెరవలేదు.

దరఖాస్తు కాగితం మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. దాని గురించి మళ్లీ మాట వచ్చింది, అయితే ఈసారి అరుచుకోలేదు. పుణె మాట కూడా వచ్చింది. తేలలేదు.

జులైలో మళ్లీ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. క్వార్టర్ ముందు బండి ఆగింది. తల్లి ఫైలు పట్టుకుని దిగిపోయింది. కొడుకు తాళం మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, గడియారం చూసుకున్నాడు. తండ్రి దిగలేదు. ఇంజన్ మెల్లగా తిరుగుతుంటే ఇద్దరూ లోపలే కూర్చున్నారు.