సమానమైతే ఎవరికి?

"ఇప్పుడు ఏం ప్రాజెక్టురా?" అనడిగింది అమ్మ ఫోన్‌లో.

"గేమింగ్ డొమైన్ అమ్మా" అన్నా.

"అంటే పిల్లలాడుకుంటారే, ఆ వీడియో గేములా?"

"ఆ... అలాంటిదేలే" అని మాట మార్చేశా. బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, హెల్త్‌కేర్ లాగా గేమింగ్ కూడా ఒక డొమైనే కదా, అబద్ధమేం ఆడలేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అసలు సంగతేంటంటే అది కాసినోలకి సంబంధించిన ప్రాజెక్టు. కాసినోలో బల్ల దగ్గర నిలబడి ఆట నడిపే డీలర్లకి శిక్షణనిచ్చే సాఫ్ట్‌వేర్. మా ఇంట్లో పేకముక్కల పేరెత్తితేనే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. తెనాలి దగ్గర మా ఊళ్లో మాకున్న రెండెకరాల్లో అర ఎకరం మూడు ముక్కలాటలో పోయింది, నాన్న చేతుల మీదుగా. నాకప్పుడు పదేళ్లు.

ప్రాజెక్టు మార్చమని మా లీడ్‌ని అడిగాను కూడా. "మారుస్తా, బెంచ్ మీద కూర్చుంటావా?" అన్నాడు. హోమ్ లోన్ ఈఎమ్ఐ గుర్తొచ్చింది. నోరు మూసుకుని రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ తెరిచాను :-)

నాకిచ్చిన ఆట పేరు పై గౌ. చైనా వాళ్ల ఆట. పేకముక్కలుండవు, డామినో బిళ్లలుంటాయి. లాస్ వేగాస్‌లో, అట్లాంటిక్ సిటీలో, మకావులో ఆడతారు. అట్లాంటిక్ సిటీలో కాసినోలు పెట్టుకోవచ్చని న్యూజెర్సీ ఓటర్లు 1976లో ఒప్పుకున్నారు, 1978లో మొదటి కాసినో తెరిచారు. అక్కడ బల్ల మీద ఏ ఆట ఎలా ఆడాలో కాసినో యజమాని తన ఇష్టమొచ్చినట్టు పెట్టడానికి లేదు, రాష్ట్ర ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంటుంది. జూదానికి ఇంత పద్ధతా అనిపించింది నాకు. మన ప్రాజెక్టుల్లో ఇంత వివరంగా రాసిన డాక్యుమెంట్ నేనైతే ఇంతవరకూ చూడలేదు!

ఆట గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. మొత్తం 32 బిళ్లలు. ఒక్కో బిళ్ల మీద రెండు పాచికలు పక్కపక్కన పెట్టినట్టు చుక్కలు. రెండు పాచికలు వేస్తే వచ్చే రకాలు 21 కదా, వాటిలో 11 రకాలకి రెండేసి బిళ్లలుంటాయి, మిగతా 10 రకాలకి ఒక్కొక్కటే. 22కి 10 కలిపితే 32. బోర్లా వేసి కలిపి, నాలుగేసి చొప్పున ఎనిమిది దొంతులు పేరుస్తారు. మొదటి దొంతి ఎవరికో తేల్చడానికి మూడు పాచికలు ఆడిస్తారు. బ్యాంకర్‌ని ఒకటో స్థానంగా లెక్కపెట్టుకుంటూ పోతారు, కాబట్టి 9 పడ్డా 17 పడ్డా మళ్లీ బ్యాంకర్ దగ్గరికే వస్తుంది. మాడ్యులో ఎనిమిది అన్నమాట.

మీకు నాలుగు బిళ్లలొస్తాయి. వాటిని రెండేసి చొప్పున రెండు సెట్లు చెయ్యాలి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. సెట్టులో చుక్కలు కూడి పదుల స్థానం కొట్టేస్తే మిగిలిందే దాని విలువ. తొమ్మిది అన్నిటికంటే ఎక్కువ, ఆట పేరులోని గౌ అంటే కూడా తొమ్మిదే. జతలు కుదిరితే తొమ్మిదిని కూడా మించిపోతాయి, ఇంకా కొన్ని ప్రత్యేకమైన కలయికలున్నాయి, అవి వదిలేద్దాం. మీ చిన్న సెట్టుని బ్యాంకర్ చిన్న సెట్టుతో, పెద్దదాన్ని పెద్దదానితో పోలుస్తారు. రెండూ గెలిస్తే మీరు గెలిచినట్టు, రెండూ పోతే పందెం పోయినట్టు. ఒకటి గెలిచి ఒకటి ఓడితే మీ డబ్బు మీకే.

నాలుగు బిళ్లల్ని రెండు సెట్లు చెయ్యడానికి మూడే మార్గాలు. వినడానికి సులువుగానే ఉంది కదా? ఒక ఉదాహరణ చూడండి. మీకు 9, 8, 6, 4 వచ్చాయి. తొమ్మిదీ ఎనిమిదీ కలిపితే ఏడు, మిగిలిన ఆరూ నాలుగూ సున్నా. లేదా ఐదూ రెండూ. లేదా నాలుగూ మూడూ. అవే బిళ్లలు, ఎలా చేసినా రెండు సెట్లు కలిపి ఏడే. ఆ ఏడుని ఒక వైపే కుప్పపోసి ఒక సెట్టు పోయినా రెండోది కాపాడుకోవాలా, లేక రెండు వైపులా పంచి రెండూ గెలవాలని చూడాలా? ఇక్కడే ఆటగాడి గుండె కొట్టుకునేది.

డీలర్‌కి మాత్రం ఈ కష్టం లేదు. ఏ నాలుగు బిళ్లలొస్తే ఎలా పెట్టాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. దాన్ని హౌస్ వే అంటారు. కాసినోకీ కాసినోకీ కొంచెం తేడా ఉండొచ్చుగానీ ఆ కాసినోలో డీలర్ దాన్ని దాటడానికి వీల్లేదు. ఇవాళ మనసెందుకో వేరేలా పెట్టమంటోంది అనడానికి లేదు. ఇందాక వరసగా నాలుగుసార్లు ఓడాం కాబట్టి ఈసారి తెగిద్దాం అనడానికి లేదు. నేను కోడ్ రాయాల్సింది దీనికే. 32 బిళ్లల్లోంచి నాలుగు తీసే విధాలు 35,960. ఏది వచ్చినా జవాబు ఒక్కటే రావాలి.

బిళ్లల ర్యాంకింగ్ మాత్రం నన్ను ఏడిపించింది. మామూలుగా సార్ట్ చేస్తే సరిపోతుందనుకున్నా. కానీ పెద్దరికం చుక్కల లెక్కన రాదు. 12 చుక్కలది ఆకాశం, అది మొదటిది. దాని తర్వాత రెండే చుక్కల బిళ్ల, అది భూమి. తర్వాత ఎనిమిది, అది మనిషి. తర్వాత ఒకటీ మూడూ ఉన్న నాలుగు, అది సామరస్యం. తమాషా ఏంటంటే మూడు చుక్కల బిళ్లా, రెండూ నాలుగూ ఉన్న ఆరు చుక్కల బిళ్లా విడివిడిగా అన్నిటికంటే అడుగున ఉంటాయి. ఆ రెండూ కలిసొస్తే మాత్రం గీ జూన్ అని అన్నిటినీ మించిన జత! లాజిక్ వెతకడం మానేసి బుద్ధిగా ఒక టేబుల్ రాసుకున్నా.

అంతా అయ్యాక కొన్ని లక్షల ఆటలు ఆడించి చూశాను. కాసినోకి మిగలాల్సినంత మిగలట్లేదు. లాభముంది గానీ బాగా తక్కువ. రెండు రోజులు కోడ్ అంతా తవ్వాను. హౌస్ వే సరిగ్గానే ఉంది, టేబుల్ సరిగ్గానే ఉంది. గెలిచినవాడి దగ్గర 5 శాతం కమిషన్, అంటే వంద గెలిస్తే 95 ఇవ్వడం, అదీ సరిగ్గానే ఉంది. చివరికి దొరికింది. పోల్చే చోట 'పెద్దదైతే ఆటగాడిది' అని రాయాల్సింది, నేను 'పెద్దదైనా సమానమైనా' అని రాశా. ఒక్క సమానం గుర్తు ఎక్కువైంది.

నియమం ఏంటంటే, రెండు సెట్ల విలువ ఒకటే అయితే దేనిలో పెద్ద ర్యాంకు బిళ్ల ఉందో చూస్తారు. అదీ సమానమైతే బ్యాంకర్‌ది. రెండూ సున్నాలైతే బిళ్లలు చూడరు, నేరుగా బ్యాంకర్‌దే. డాక్యుమెంట్‌లో చిన్న వాక్యం. నేను చదివాను, కానీ పట్టించుకోలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చేదేలే అనుకున్నా. కాసినో బతికేది ఆ ఎప్పుడో ఒకసారి మీదా, ఆ ఐదు శాతం మీదానట! మిగతా ఆటంతా సమానంగానే ఉంది. అవే బిళ్లలు, అవే పాచికలు, అందరి కళ్ల ముందే.

ఆటగాళ్లు కూడా వంతులవారీగా బ్యాంకర్‌గా ఉండొచ్చు, అప్పుడు సమానమైనవన్నీ వాళ్లకే వస్తాయి. అదీ నియమాల్లోనే ఉంది. కాకపోతే బల్ల దగ్గరున్న వాళ్ల పందేలన్నిటికీ సరిపడా డబ్బు మీ దగ్గరుండాలి. గెలిచినదాంట్లో కమిషన్ ఎలాగూ తప్పదు.

ఆ బగ్ సరిచేసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. ఇన్నేళ్లూ నాన్నని ఎవరో మోసం చేశారనే అనుకున్నా. అమ్మా అలాగే అంటుంది, "పత్తాలు మార్చేవాళ్లు" అని. మోసం జరిగి ఉండొచ్చు కూడా. కానీ ఏ మోసం లేకపోయినా, ప్రతి ఆటలోంచి తన వాటా తీసుకునే ఆట పెట్టినాయన ఒకడుంటే చాలు, ఆడుతూ కూర్చున్నవాడి అర ఎకరం పోవడానికి. కావాల్సిందల్లా టైము.

రెండు వారాల తర్వాత ఊరెళ్లా. అమ్మ పాలకేంద్రానికి వెళ్లినప్పుడు నాన్నకి అసలు విషయం చెప్పేశా. తిడతారేమో అనుకున్నా. తిట్టలేదు. చైనా బిళ్లలా, ఏదీ చెప్పు అన్నారు. పక్కనున్న పేపర్ మీద చుక్కలు గీసి చూపించా. రెండు సెట్లు, కూడడం, పదులు కొట్టెయ్యడం. ఇంకా సగం కూడా చెప్పలేదు, ఆయన ఆపి అడిగారు.

"సమానమైతే ఎవరికి?"

నాకు రెండు రోజులు పట్టింది ఆ ప్రశ్న దగ్గరికి రావడానికి. ఇంజనీరింగ్ చదివి, లక్షల ఆటలు ఆడించి. నాన్నకి రెండు నిమిషాలు పట్టలేదు.

"బ్యాంకర్‌కి" అన్నా.

తలూపారు. కాసేపయ్యాక, "మూడు ముక్కలాటలో ఇద్దరివీ సమానమైతే షో అడిగినవాడు పోయినట్టురా" అన్నారు. "ఆ సంగతి నాకు తెలుసు. ఎప్పుడూ నేనే అడిగేవాణ్ణి. ఉండలేకపోయేవాణ్ణి."

అదీ విషయం. ఆయనకి నియమం తెలుసు. నష్టం ఏ వాక్యంలో ఉందో నాకంటే బాగా తెలుసు. లేనిదల్లా డీలర్‌కున్న ఆ హౌస్ వే ఒక్కటే. చెయ్యి దురద పెట్టినా, గుండె కొట్టుకున్నా ఇంతకు మించి కదలకూడదు అని ముందే రాసుకున్న కాగితం. ఆ బల్ల దగ్గర అలాంటి కాగితం కాసినో వైపు మాత్రమే ఉంటుంది. ఆటగాడు తనది తానే రాసుకుని రావాలి, అదీ లోపలికి అడుగు పెట్టకముందే.

ప్రాజెక్టు ఇంకా నడుస్తోంది, నేనూ అందులోనే ఉన్నా. వచ్చే అప్రైజల్ తర్వాత వేరే డొమైన్‌కి మార్చమని మెయిలైతే పెట్టా, చూడాలి. అమ్మకి కూడా చెప్పేశా, నాన్న పక్కనుండగానే. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్లింది కానీ, కాసేపటికి అక్కణ్ణుంచే అడిగింది, "ఇంతకీ నువ్వు ఆడవు కదా?"

"ఆడనమ్మా" అన్నా. దీంట్లో మాత్రం సర్దిచెప్పుకోవాల్సిందేం లేదు.