ఉత్తరాన చివరి నేల

గ్లోబు చూసినప్పుడల్లా నా చూపు పైఅంచుకే పోతుంది. ఉత్తరాన నేల ఎక్కడ ఆగిపోతుందన్న ప్రశ్న నన్ను వదలదు.

గ్రీన్‌లాండ్ ఉత్తర తీరానికి ఆవల కాఫెక్లుబ్బెన్ అనే దీవి ఉంది. పొడవు కిలోమీటరు అటూఇటూ, మనిషి కాపురం లేదు. డెన్మార్క్ భూగర్భ శాస్త్రవేత్త లౌగె కోక్ 1921లో అక్కడ అడుగుపెట్టి, కోపెన్‌హాగెన్ మ్యూజియంలోని కాఫీ బృందం పేరు పెట్టాడు. అంతవరకు ఉత్తరపు కొస అనుకున్న గ్రీన్‌లాండ్‌ మోరిస్ జెసప్ అగ్రం కంటే ఇదే ఇంకాస్త పైన ఉందని 1969లో కొలిచి తేల్చారు. అక్కడి నుంచి ధ్రువానికి దాదాపు 700 కిలోమీటర్లు, మధ్యలో సముద్రమే.

తరువాత ఇంకా ఉత్తరాన చిన్న దిబ్బలు కనబడ్డాయి. 1978లో ఊదాక్, 2021లో మరొకటి. చూడబోతే మట్టి, గులకరాళ్లు, అచ్చం దీవే. 2022లో చుట్టూ లోతు కొలిచారు. పదుల మీటర్ల నీరుంది, కింద దీవి ఆనవాలు లేదు. అవి రాళ్లూరప్పలు మోసుకొచ్చి సముద్రపు అడుగున ఇరుక్కుపోయిన మంచుగడ్డలని తేలింది. కరిగితే మాయం.

కాఫెక్లుబ్బెన్ మాత్రం గట్టి నేల. ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఆ గులకల మధ్య ఊదారంగు సాక్సిఫ్రేజ్, ఆర్కిటిక్ గసగసాల మొక్క పూస్తాయి. వేలెడంత ఎత్తులో, నేలను కరుచుకుని.

మనిషి నిలవలేని చోటును ఖాళీ నేల అనేయడం మన తొందరపాటు. అక్కడ కాపురముంటున్నవి ఆ మొక్కలే.