కాళ్లు సూడు

మాస్టారు ఏ పందిట్లోకి అడుగుపెట్టినా ముందు ఇటుక అడిగేవాడు. టీలు, మంచినీళ్లు ఆ తర్వాత. కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము ముందుకు జారకుండా ఆ ఇటుక అడ్డం పెట్టాలి. డ్రమ్ము పొట్టలో పాత దుప్పటి కుక్కాలి, లేకపోతే మోత మైకులో పగిలిపోతుంది. ఈ రెండు పనులూ నావి. సెట్టంతా సైకిలు వెనక కట్టుకుని తోలుకెళ్లడం, తోలుకురావడం కూడా నావే. బదులుగా సైడ్ డ్రమ్ము మీద నన్ను చెయ్యి తిప్పనిచ్చేవాడు, అదీ వాళ్లావిడ ఇంట్లో లేని వేళ.

మా ఖానాపురం హవేలి అప్పటికింకా పంచాయతీ. ఇప్పుడు ఖమ్మం కార్పొరేషన్‌లో కలిసిపోయింది, ఊరు ఎక్కడ మొదలవుతుందో మాలాంటి వాళ్లకే తెలియదు. మాస్టారు పెళ్లిళ్ల బ్యాండు మేళంలో నుంచి వచ్చినవాడు. మెడలో సైడ్ డ్రమ్ము వేసుకుని ఊరేగింపుల్లో నడిచీ నడిచీ మోకాళ్లు పోయాయనీ, అందుకే కూర్చుని వాయించే పనిలోకి మారాననీ చెప్పేవాడు. ఆర్కెస్ట్రాల వాళ్లు ఆ సెట్టును జాజ్ అనేవాళ్లు, ఈయన్ని జాజ్ మాస్టారు అనేవాళ్లు. అసలు జాజ్ సంగీతం ఆయన ఒక్క నిమిషమైనా విని ఉంటాడనుకోను.

అయినా ఆ సెట్టు పుట్టుక ఆయన కథే. అమెరికాలో, న్యూ ఆర్లీన్స్ లాంటి ఊళ్లలో, ఊరేగింపు బ్యాండ్లకు పెద్ద డ్రమ్ముకొకడు, సైడ్ డ్రమ్ముకొకడు, సింబల్స్‌కొకడు ఉండేవాళ్లు. హాళ్లలో కూర్చుని వాయించే రోజులొచ్చేసరికి అంతమందికి చోటూ లేదు, డబ్బులూ లేవు. 1909లో విలియం లుడ్విగ్ చేసిన కాలి పెడల్ బాగా కుదిరాక ముగ్గురి పని ఒక్కడి మీద పడింది. ఇది నేను చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో చదివాను. మాస్టారి పెడల్‌కి స్ప్రింగు తెగిపోతే సైకిల్ ట్యూబు ముక్క కట్టి తొక్కేవాడు.

బెజవాడ నుంచి వచ్చే ఆర్కెస్ట్రాలు ఖర్చు కలిసొస్తుందని డ్రమ్మర్ని తెచ్చుకోకుండా ఇక్కడ ఈయన్నే కూర్చోబెట్టుకునేవి. ముందస్తు సాధన ఏమీ ఉండదు. అందుకే ఈయన పాడేవాడి గొంతు వైపు చూస్తూ వాయించేవాడు. "ఊపిరి పీల్చుకునేటప్పుడు ఇక్కడ గుంట పడుద్ది సూడు, అప్పుడు మన చేతులు ఊరుకోవాల" అని తన గొంతు కిందే వేలు పెట్టి చూపించాడొకసారి. చరణం తిరిగి పల్లవిలోకి వచ్చేచోట మిగతా డ్రమ్మర్లు టపటపా బాదేవాళ్లు. ఈయన సింబల్ అంచును ఒక్కసారి తాకించి వదిలేసేవాడు. జనం ఈల వేసేలా ఒక్క దరువైనా కొట్టడేం అని నేను లోలోపల తిట్టుకునేవాణ్ని. పదిహేడేళ్ల వయసులో నాకు సంగీతమంటే ఈలలే.

ఒక శ్రీరామనవమి, తొంభయ్యారులోనో తొంభయ్యేడులోనో. పానకంలో మిరియాల ఘాటుకి రోడ్డు మీద పోయే మిర్చి లారీల ఘాటు తోడై పందిట్లో అందరూ తుమ్మడం మాత్రం బాగా గుర్తు. చింతూరు వైపు నుంచి కొమ్ము కోయ బృందం ఒకటి ఖమ్మంలో ఏదో సభకు వచ్చింది. మంత్రిగారు కారు దిగి పదడుగులు నడిచేంతసేపు వాళ్లను ఎండలో ఆడించి, ఆ తర్వాత తిన్నారా లేదా అని కూడా అడక్కపోవడం మనకు అలవాటే. మా పందిరి కమిటీలో ఎవరో పుణ్యాత్ములు వాళ్లను రాత్రి భోజనానికి పిలుచుకొచ్చారు. తిని ఊరికే పోవడం నచ్చలేదేమో, చేతులు కడుక్కుని డోళ్లు తగిలించుకున్నారు.

తలల మీద కొమ్ములు, మెడల నుంచి వేలాడే లావుపాటి డోళ్లు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని వరస కట్టారు. ఆర్కెస్ట్రాలో కీబోర్డు కుర్రాడు వేలు పెట్టి చూసి, శ్రుతి దొరక్క మానుకున్నాడు. మాస్టారు పుల్లలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను డోళ్లవాళ్ల చేతులు చూస్తూ లెక్కపెడుతున్నాను. మొదటి దెబ్బ దొరికిందనుకున్న ప్రతిసారీ జారిపోతోంది.

"చేతులు కాదురా, కాళ్లు సూడు" అన్నాడు.

డోళ్లు ఎంత పరుగెత్తినా ఆడవాళ్ల వరస నింపాదిగా కదులుతోంది. తాళం మోస్తున్నది వాళ్ల మడమలు. మాస్టారు పెద్ద డ్రమ్మును ఆ మడమలతో కలిపాడు. అలా కాలొక్కటే ఆడిస్తూ చాలాసేపు ఉన్నాడు. తర్వాత పుల్లలు పక్కన పెట్టి తీగల బ్రష్ తీసి సైడ్ డ్రమ్ము మీద రుద్దడం మొదలెట్టాడు. డోళ్లు సందిచ్చినప్పుడే అది వినపడేది. కొమ్ములవాళ్లిద్దరు ఎద్దుల్లా తలలు ఆనించి కుమ్ముకునే క్షణంలో సింబల్ మీద ఒక్కటి వేశాడు. వాళ్లలో ఒకడు తల తిప్పి నవ్వాడు. ఇక అక్కణ్నుంచి ప్రతిసారీ కుమ్ముకోబోయే ముందు ఇద్దరూ ఆయన వైపు చూసేవాళ్లు.

వాళ్లు కోయ భాషలో ఏం పాడారో ఒక్క ముక్కా నాకు నిలవలేదు, మాస్టారు చెప్పిన కాళ్ల మాట మాత్రం నిలిచింది. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికాక స్నేహితుడి గదిలో శాక్సొఫోన్ ఊదే జాన్ కోల్ట్రేన్ జాజ్ క్యాసెట్ విన్నాను. డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. అలవాటుగా మొదటి దెబ్బ కోసం లెక్కపెట్టబోయి ఆగాను. క్యాసెట్‌లో కాళ్లు కనపడవు. కోల్ట్రేన్ ఊపిరి పట్టుకుని వెళ్లాను, దారి దొరికింది.

చింతూరు అప్పుడు మా జిల్లాయే. 2014లో పోలవరం ముంపు పేరున ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాక అదీ పోయింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అదే ఏడాది మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడే మనిషి. పేపర్లో ఫొటో చూడగానే నా కళ్లు కాళ్ల కోసం వెతికాయి. నడుం దాకానే వేశారు. 2024లో ఆయనా పోయారు. మాస్టారి సంగతంటారా, ఆర్కెస్ట్రాల్లోకి ఎలక్ట్రానిక్ ప్యాడ్ వచ్చింది. తబలా, డోలు, డప్పు ఏది కావాలంటే అది ఒక్క పలక మీదే పలుకుతుంది. పోయిన మోకాళ్లతోనే ఆయన మళ్లీ బ్యాండు మేళంలో నడిచాడు.

ఆ నవమి రాత్రి ఆట ఆగాక కోయ బృందంలో పెద్దాయన వచ్చి మాస్టారి స్టూలు మీద కూర్చున్నాడు. పెడల్ నొక్కి చూశాడు, మళ్లీ నొక్కాడు.

"కాలు దీనికి కట్టేస్తే ఆడేదెట్టా?" అన్నాడు.

"ముగ్గురి పని ఒక్కడితో చేయించుకుని ఒక్కడి కూలే ఇస్తారు పెద్దాయనా. ఇంక ఆటెక్కడ?" అన్నాడు మాస్టారు.

పెద్దాయన లేచి తన డోలు తీసి మాస్టారి మెడలో వేశాడు. ఆట మళ్లీ మొదలైంది. నేను సెట్టంతా విప్పి సైకిల్‌కి కట్టేసినా ఆయన ఆ వరస పక్కన అడుగులేస్తూనే ఉన్నాడు. మర్నాడు సామాన్లు దింపడానికి వెళితే ఇంకా మంచం దిగలేదు. వాళ్లావిడ ఆముదం కాస్తూ నన్ను చూసి, "నువ్వన్నా చెప్పొద్దంట్రా ఆయనకి?" అని కేకలేసింది.